రెండు రోజుల్లో హైదరాబాద్: ఏది ముందు, ఏది తర్వాత

హైదరాబాద్ చూద్దామని వచ్చేవాళ్లలో చాలామంది ఒక్క రోజులోనే అన్నీ పెట్టుకుంటారు. పొద్దున గోల్కొండ, మధ్యాహ్నం చార్మినార్, నాలుగింటికి సాలార్‌జంగ్, చీకటి పడ్డాక ట్యాంక్‌బండ్. తీరా చూస్తే సగం రోజు మెహదీపట్నం ట్రాఫిక్‌లో కరిగిపోతుంది. మ్యూజియానికి చేరేసరికి టికెట్లు ఆపేస్తారు. ఈ ఊరు చూడ్డంలో కిటుకంతా వరసలో ఉంది. చార్మినార్‌కీ గోల్కొండకీ మధ్య పది కిలోమీటర్ల ఇరుకు రోడ్డుంది. కాబట్టి పాతబస్తీకి ఒక రోజు, గోల్కొండ వైపుకి ఇంకో రోజు. ఈ రెంటినీ కలపకండి. మిగతా ఏర్పాట్లన్నీ ఈ ఒక్క నిర్ణయం మీదే ఆధారపడతాయి.

బయల్దేరే ముందు: వారం, నెల, కార్డులు

ముందుగా క్యాలెండర్ చూడండి. సాలార్‌జంగ్ మ్యూజియానికీ చౌమహల్లా ప్యాలెస్‌కీ శుక్రవారం సెలవు. అదే రోజు మక్కా మసీదులో మధ్యాహ్నం నమాజుకి వేలమంది వస్తారు. కాబట్టి పాతబస్తీకి శుక్రవారం వద్దు. గోల్కొండ, చార్మినార్ వారమంతా తెరిచే ఉంటాయి. శుక్రవారం తప్పనిసరిగా ఊళ్లో ఉండాల్సి వస్తే ఆ రోజు గోల్కొండకి పెట్టుకోండి. జూపార్కుకి సోమవారం సెలవు. ఆదివారం అన్నీ తెరిచే ఉన్నా చార్మినార్ కింద కాలు పెట్టే చోటుండదు. అన్నిటికన్నా హాయి మంగళ, బుధ, గురువారాలు.

నెలల్లో అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. మార్చి దాటితే గోల్కొండ బండలు పొద్దున పదకొండుకే కాలడం మొదలవుతుంది. ఎండాకాలం తప్ప వేరే వీల్లేకపోతే పగలు మ్యూజియం, సాయంత్రం బజారు పెట్టుకుని, కోటని గేటు తెరిచిన మొదటి రెండు గంటల్లోనే చూసేయండి.

మూడు సందర్భాల్లో మాత్రం ప్లాన్ మార్చుకోక తప్పదు. వినాయక నిమజ్జనం నాడు పాతబస్తీ నుంచి హుస్సేన్‌సాగర్ దాకా రోడ్లు ఊరేగింపులకే. ఆషాఢంలో బోనాలు గోల్కొండలోనే మొదలవుతాయి. ఆ నెల ఆదివారాలు, గురువారాలు కోట మీది అమ్మవారి గుడికి జనం బారులు తీరతారు. బోనాలు చూడాలని వస్తే అంతకన్నా మంచి రోజు లేదు, కోట చూడాలని వస్తే మాత్రం ఆ రోజు వద్దు. ఇక రంజాన్. పగలు హోటళ్లు చాలావరకు మూసి ఉంటాయి, సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాటేదాకా చార్మినార్ చుట్టూ బజారు వెలుగుతూనే ఉంటుంది. రంజాన్‌లో వస్తే రోజుని తిరగేసుకోండి. పగలు మ్యూజియం, ఇఫ్తార్ దాటాక హలీం, ఆ తర్వాత బజారు.

చార్మినార్, గోల్కొండ రెండూ కేంద్ర పురావస్తు శాఖ కిందివి. మన దేశస్థులకి కౌంటర్ దగ్గర నగదుకి 25 రూపాయలు, ఆన్‌లైన్లో కొంటే 20. పదిహేనేళ్ల లోపు పిల్లలకి టికెట్ లేదు. విదేశీయులకి నగదు 300, ఆన్‌లైన్ 250. అమెరికా, బ్రిటన్ల నుంచి వచ్చే మనవాళ్లు ఇక్కడే నష్టపోతుంటారు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నవాళ్లకి స్మారకాల్లో, మ్యూజియాల్లో భారతీయుల టికెట్టే వర్తిస్తుంది. కాకపోతే కార్డు చూపించాలి. అది హోటల్ లాకర్లో ఉందంటే కౌంటర్లో వినరు. అందుకే అసలు కార్డు వెంట ఉంచుకోండి.

తెలంగాణ ఆడవాళ్లకి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తారు. విజయవాడ నుంచో బెంగళూరు నుంచో వచ్చినవాళ్లు టికెట్ కొనాలి. ఆటోకీ బజారుకీ యాభైలు, వందలు దగ్గర పెట్టుకోండి.

మొదటి రోజు: పాతబస్తీ

చార్మినార్ ముంగిట దాకా మెట్రో లేదు. ఎరుపు, ఆకుపచ్చ లైన్లు కలిసే ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్‌స్టేషన్) మెట్రో స్టేషన్లో దిగండి. ఆటోకి "మదీనా చౌరస్తా" అని చెప్పండి. అక్కణ్నుంచి పత్తర్‌గట్టి మీదుగా నడక. సొంత కారు ఈ రోజుకి ఇంటి దగ్గరే వదిలేయండి. చార్మినార్ చుట్టూ వాహనాల్ని రానివ్వరు, పార్కింగ్ వెతుకులాటలోనే గంట పోతుంది.

ఉదయం 8 గంటలకల్లా చార్మినార్ దగ్గర ఉండండి. తొమ్మిదిన్నరకి కదా తెరిచేది, ఇంత పొద్దున్నే ఎందుకంటారా? ఆ వేళకి దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి, తోపుడు బండ్లు ఇంకా రావు. నాలుగు మినార్లూ అడ్డం లేకుండా ఒకే ఫొటోలో పడేది అప్పుడే. పక్కనే నిమ్రా లాంటి ఇరానీ హోటళ్లలో చాయ్, ఉస్మానియా బిస్కట్ దొరుకుతాయి. ఇరానీ చాయ్‌లో డికాషన్ వేరుగా, చిక్కగా మరిగిన పాలు వేరుగా ఉంచి కప్పులోనే కలుపుతారు. అందుకే రుచి మన ఇంటి టీకి దూరంగా ఉంటుంది. బిస్కట్ తీపీ ఉప్పూ కలిసి ఉంటుంది, ముంచుకునే తినాలి.

చార్మినార్‌ని 1591లో గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. నాలుగు వైపులా ఉన్న గడియారాలు 1889లో పెట్టినవి. టికెట్ కౌంటర్ తెరవగానే మొదటి విడతలోనే ఎక్కేయండి. మెట్లదారి మినారు లోపల చుట్లు తిరుగుతుంది. ఒక్కో మెట్టు మన ఇంటి మెట్టుకన్నా ఎత్తు, దారి ఇరుకు, వెలుతురు తక్కువ. పది దాటితే ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ అక్కడే ఎదురుపడి, గోడకి ఒత్తుకుని నిలబడాల్సి వస్తుంది. భుజానికి పెద్ద బ్యాగు వద్దు, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, చంకలో పిల్లలున్నవాళ్లు కిందే ఆగడం మంచిది. కింద నిలబడి పైకప్పు గుమ్మటంలోకి చూసినా అందం తక్కువేం కాదు. సందర్శకుల్ని మొదటి అంతస్తు దాకానే పోనిస్తారు. అక్కణ్నుంచి ఉత్తరం వైపు చూడండి. గుల్జార్ హౌజ్ ఫౌంటెన్, దాని చుట్టూ చార్‌కమాన్ అనే నాలుగు కమాన్లు కనిపిస్తాయి. ఊరిని నాలుగు దారుల కూడలిగా ఎలా గీశారో నేల మీద నడిస్తే తెలియదు, ఈ వరండా నుంచి ఇట్టే తెలుస్తుంది.

దిగి నైరుతికి నాలుగడుగులేస్తే మక్కా మసీదు. 17వ శతాబ్దం మొదట్లో కుతుబ్ షాహీలు మొదలుపెట్టారు, 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయింది. మోకాళ్లూ భుజాలూ కప్పే బట్టలు కావాలి. నిక్కర్లతో లోపలికి పంపరు, బ్యాగులు బయట పెట్టమంటారు. ఆవరణలో వరసగా ఉన్నవి నిజాం వంశం సమాధులు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ సమాధి మాత్రం ఇక్కడ లేదు, కింగ్‌కోఠి దగ్గర జూదీ మసీదులో ఉంది. దానికోసం ఇక్కడ వెతక్కండి. అరగంట చాలు.

పదకొండు లోపు చౌమహల్లాకి నడిచి చేరండి. చార్మినార్ నుంచి పది నిమిషాలు. టికెట్ తీసుకుని లోపలికెళ్తే ఖిల్వత్ ముబారక్ దర్బారు హాలు. పాలరాతి గద్దె, పైన 19 బెల్జియం షాండ్లియర్లు. చాలామంది ఈ హాలు చూసి, నీళ్ల తొట్టి దగ్గర ఫొటో దిగి వెనక్కి తిరుగుతారు. అసలు "చౌమహల్లా" అనే పేరు తెచ్చిన నాలుగు మహళ్లు, అఫ్జల్, మెహతాబ్, తహ్నియత్, అఫ్తాబ్, దక్షిణం వైపు ఇంకో ఆవరణలో ఉన్నాయి. అక్కడికి వెళ్లాక పాత కార్ల షెడ్డు కూడా చూడండి. పసుప్పచ్చ 1912 రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ పిల్లల్ని కదలనివ్వదు. అన్నీ కలిపి గంటన్నర. నేల చదును, నీడ ఉంది, పెద్దవాళ్లు కూర్చునే వీలుంది. ఇంకో మాట, ఈ ప్రాంతంలో శుభ్రమైన బాత్రూంలు రోడ్డు మీద దొరకడం కష్టం. చౌమహల్లాలో, తర్వాత సాలార్‌జంగ్‌లో తప్పకుండా వాడుకోండి.

బిర్యానీ మధ్యాహ్నం తినండి, రాత్రికి దాచుకోకండి. హైదరాబాదీ దమ్ బిర్యానీలో పచ్చి మాంసాన్నే మసాలా పట్టించి, సగం ఉడికిన బియ్యం పైన పరిచి, మూత మూసి మగ్గబెడతారు. ఒంటిగంటకి విప్పిన హండీలో మెతుకు తడిగా ఉంటుంది. మదీనా చుట్టుపక్కల హోటళ్లలో వడ్డన పెద్దది. నలుగురుంటే ముందు రెండు ప్లేట్లు చెప్పి, చాలకపోతే మరొకటి అడగండి.

రెండింటికల్లా సాలార్‌జంగ్‌లో ఉండాలి. మూసీ ఒడ్డున, మదీనా నుంచి నడక దూరమే. 1951లో నెహ్రూ ప్రారంభించిన మ్యూజియం ఇది, ఇప్పుడున్న భవనంలోకి 1968లో వచ్చింది. బ్యాగులు క్లోక్‌రూమ్‌లో ఇవ్వాలి, ఫోను ఉంచుకోవచ్చు, సెల్ఫీ కర్ర వద్దంటారు. నడవలేనివాళ్లుంటే లోపలికి వెళ్లకముందే వీల్‌చైర్ అడగండి.

లోపల దాదాపు నలభై గ్యాలరీలున్నాయి. మూడు గంటల్లో అన్నీ అయ్యేవి కావు, ఆ పట్టుదల పెట్టుకుంటే ఏదీ చూసినట్టుండదు. ఇలా వెళ్లండి. ముందు ముసుగు రెబెక్కా. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ, 1876లో నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ ఇటలీలో కొన్నది. ఎదురుగా నిలబడి చూస్తే మామూలు విగ్రహమే. రెండడుగులు పక్కకి జరిగి, వెలుతురు చెంప మీద పడే కోణంలో చూడండి. ముసుగు అంచు ముక్కు మీదుగా జారి గడ్డం దగ్గర ముడత పడటం కనిపిస్తుంది, తడిసిన సన్నటి బట్టని రాతి మీద కప్పారేమో అనిపిస్తుంది. ముసుగూ మొహమూ ఒకే రాయి అని అప్పుడు గానీ మనసుకి పట్టదు.

తర్వాత, ఒకే దుంగలో ముందు మగవాడు, వెనక ఆడమనిషి ఉన్న చెక్క విగ్రహం. వెనకున్న అద్దంలో రెండో రూపం కనిపిస్తుంది. జనం మగవాడి బొమ్మ ముందే ఆగి వెళ్లిపోతుంటారు, మీరు అద్దంలోకి చూడండి.

మూడు కొట్టడానికి పదిహేను నిమిషాల ముందే గడియారం హాల్లో కుర్చీ పట్టుకోండి. కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీ అందించిన గడియారం ఇది. కమ్మరి బొమ్మ క్షణానికోసారి సుత్తి వేస్తూనే ఉంటుంది. గంట కాబోతుండగా చిన్న గడ్డం మనిషి తలుపు తీసుకుని బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి వెళ్లిపోతాడు.  మధ్యాహ్నం పన్నెండుకి పన్నెండు దెబ్బలు వినొచ్చని అందరూ ఆ వేళకే గుమిగూడతారు. మూడింటికి మూడు దెబ్బలే గానీ, పిల్లలకి బొమ్మ కనిపిస్తుంది. ఆ తర్వాత మిగిలిన సమయం మీ ఇష్టాన్ని బట్టి: ఆయుధాలు, జేడ్ రాతి వస్తువులు, తూర్పు బ్లాకులో చైనా, జపాన్ గ్యాలరీలు. ఐదింటికి మూసేస్తారు.

లాడ్ బజార్లో గాజులు కొనేటప్పుడు

ఐదు దాటాక పత్తర్‌గట్టి మీదుగా మళ్లీ చార్మినార్‌కి నడవండి. లాడ్ బజార్ చార్మినార్ పడమటి పక్క నుంచి మొదలవుతుంది. దీపాలు వేశాక చూడాల్సిన వీధి. ఇక్కడి లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

కొలత తెలిసి వెళ్లండి. గాజు కొలత రెండు-నాలుగు, రెండు-ఆరు, రెండు-ఎనిమిది అని చెబుతారు. రెండు-ఆరంటే రెండు అంగుళాల పైన పదహారింట ఆరు వంతులు, లోపలి వ్యాసం సుమారు 60 మిల్లీమీటర్లు. రెండు-నాలుగు 57 దగ్గర. లక్క గాజు మందంగా, వంగకుండా ఉంటుంది కాబట్టి మీ మామూలు మట్టిగాజు కన్నా ఒక సైజు పైది చేతికి వేసి చూసుకోండి. ఇంట్లో ఉన్నవాళ్లకి కొంటుంటే వాళ్ల పాత గాజు ఒకటి తెచ్చుకోవడమే మేలు, ఫోన్లో "నా చెయ్యి సన్నమే" అన్న మాట నమ్మి కొన్న సెట్లు బీరువాలోనే ఉండిపోతాయి.

మెరిసేదంతా లక్క కాదు. లోహపు వలయం మీద జిగురుతో రాళ్లు అతికించినవీ పక్కనే ఉంటాయి, ధర తక్కువ. అసలు లక్క గాజుని నిప్పుల మీద మెత్తబరిచి, కర్రకి చుట్టి గుండ్రం చేసి, వెచ్చగా ఉండగానే రాళ్లు ఒక్కొక్కటే పొదుగుతారు. కొన్ని దుకాణాల ముందే ఈ పని చేస్తుంటారు, ఐదు నిమిషాలు ఆగి చూడండి. ఒక్కో రాయి వెనక ఎంత ఓపిక ఉందో చూశాక బేరం ఆడే తీరు కూడా మారుతుంది. బేరం తప్పకుండా ఆడొచ్చు. మూడు నాలుగు దుకాణాల్లో ధర అడిగాకే మొదలుపెట్టండి, కొనే ఉద్దేశం లేనప్పుడు మాత్రం ధర చెప్పించుకుని దుకాణదారుడి చేత అరలన్నీ దింపించకండి. కొన్నాక గాజుల పెట్టెని ఎండలో నిలబెట్టిన కారులో వదలొద్దు. లక్క మెత్తబడి వలయం వంకరపోతుంది, రాళ్లు ఊడతాయి.

ముత్యాలు కొంటే రెండు ముత్యాల్ని ఒకదానితో ఒకటి మెల్లగా రుద్ది చూడండి. సన్నటి ఇసుక తగిలినట్టు గరుకుగా ఉంటే ముత్యం, జారిపోతే ప్లాస్టిక్కో గాజో. ఈ పరీక్ష అంతవరకే పనికొస్తుంది. పెంపకం ముత్యం కూడా గరుకుగానే ఉంటుంది, ఇప్పుడు అమ్మేవి ఎక్కువగా అవే. బిల్లు మీద ముత్యం రకం రాయించుకోండి. "మా దుకాణంలో ఇవాళ ఒక్కరోజే తగ్గింపు" అని ఆటోడ్రైవర్ దారి మళ్లిస్తే దిగిపోండి, ఆ తగ్గింపులో అతని కమిషన్ కూడా కలిసే ఉంటుంది.

రెండో రోజు: గోల్కొండ, కుతుబ్ షాహీ సమాధులు

మెట్రో ఇటు లేదు. మెహదీపట్నం నుంచి బస్సులూ ఆటోలూ ఉన్నాయి. లంగర్‌హౌజ్ వైపు నుంచి వస్తే ఫతే దర్వాజా గుండా లోపలికి రావాలి. శత్రువు ఏనుగులు ఒక్క ఊపున రాకుండా మలుపు తిప్పి కట్టిన గేటు అది. ఇప్పుడు ఆ మలుపే కార్లని ఆపుతుంది, సెలవు రోజుల్లో పది గంటలకే జామ్. గచ్చిబౌలి, షేక్‌పేట వైపు నుంచి వచ్చేవాళ్లు బంజారా దర్వాజా గుండా రండి. ఏ దారైనా సరే, 9 గంటలకి కోట లోపలికి వెళ్లే బాలాహిస్సార్ గేటు దగ్గర ఉండాలి.

మనిషికి లీటరు నీళ్లు, టోపీ, పట్టున్న బూట్లు. తోలు చెప్పులు అరిగిన రాతి మెట్ల మీద జారతాయి, ముఖ్యంగా దిగేటప్పుడు.

గేటు దాటగానే గుమ్మటం కింద చప్పట్లు. దీన్ని సరిగ్గా చూడాలంటే ఇద్దరు కావాలి. ఒకరు ముందు పైకి, కొండ కొసనున్న బారాదరి మంటపం దాకా ఎక్కి ఫోన్ చేయాలి. కిందివాళ్లు గుమ్మటం నడిమధ్య నిలబడి గట్టిగా, ఆగి ఆగి చప్పట్లు కొట్టాలి. పైకప్పులో వజ్రం పలకల్లా మలిచిన గూళ్లు శబ్దాన్ని ఒక దిక్కుకి తోస్తాయి. రెండడుగులు పక్కకి జరిగి కొడితే ఆ మోత రాదు. పదిన్నర తర్వాత స్కూలు పిల్లల బస్సులు వస్తే వందమంది ఒకేసారి కొడతారు, అప్పుడు పైన ఏదీ విడిగా వినిపించదు.

పైకి దాదాపు 360 మెట్లు. నగీనాబాగ్ వైపు నుంచి ఎక్కి, రాణీమహల్ వైపు దిగండి. రెండో దారి నిటారుగా ఉంటుంది, ఎక్కడానికి అది పనికిరాదు. ఎక్కేదారిలో చివరి సుల్తాను తానీషా మంత్రులు అక్కన్న, మాదన్నల కచేరీ (కార్యాలయం) పేరుతో చూపే భవనం, గోడల్లో మట్టి గొట్టాల ముక్కలు గమనించండి. కింది చెరువుల నీటిని మెట్టు మెట్టుగా పైకెత్తి ఈ గొట్టాల్లోంచే మహళ్లకి పారించారు.

తెలుగువాళ్లు తొందరపడకుండా ఆగాల్సిన చోటు రామదాసు బందీఖానా. భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్నని తానీషా కాలంలో ఉంచారని చెప్పే గది. లోపలికి అడుగు పెట్టగానే ఏమీ కనిపించదు. కళ్లు అలవాటు పడేదాకా ఒక నిమిషం నిలబడండి. పైకప్పులోని రంధ్రం నుంచి పడే వెలుతురులో గోడ మీద చెక్కిన సీతారామలక్ష్మణులు, హనుమంతుడు మెల్లగా తేలతారు. ఫోను లైటు వేస్తే బొమ్మలు కనిపిస్తాయి గానీ ఆ గది ఎలాంటిదో తెలియదు.

ఆ పైన మహంకాళి గుడి, ఇబ్రహీం మసీదు, చివర బారాదరి. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత ఔరంగజేబు చేతికి చిక్కిన కోట ఇదే. గైడుని పెట్టుకుంటే రేటు, సమయం, తెలుగులో చెబుతాడా అన్నది ముందే మాట్లాడుకోండి. "వజ్రాలు ఈ కొండలోనే తవ్వారు" అంటే నమ్మకండి. అవి కృష్ణా తీరంలో కొల్లూరు లాంటి చోట్ల దొరికాయి, గోల్కొండ వాటి బజారు. ఎక్కలేని పెద్దవాళ్లకి చప్పట్ల గుమ్మటం, నగీనాబాగ్, రాణీమహల్ చాలు, అవన్నీ కిందే ఉన్నాయి.

పన్నెండుకల్లా దిగి సమాధులకి వెళ్లండి. కోట నుంచి రెండు కిలోమీటర్ల లోపే, అయినా ఎండలో నడవకండి. రాజవంశం అంతా ఒకే తోటలో పడుకున్న చోటు ఇది. చివరివాడు తానీషా మాత్రం ఇక్కడ లేడు, బందీగా దౌలతాబాద్ వెళ్లి అక్కడే పోయాడు. 2013 నుంచి పదేళ్లకి పైగా ఆగాఖాన్ ట్రస్టు ఇక్కడ మరమ్మతులు చేయించింది. మహమ్మద్ కులీ సమాధి అన్నిటికన్నా పెద్దది. అయితే ముందు బడీ బావ్లీకి వెళ్లండి, ఒక పక్క కూలిపోయిన మెట్ల బావిని మళ్లీ రాయి మీద రాయి పేర్చి నిలబెట్టారు. సున్నపు పూత పనిని దగ్గర్నుంచి చూడండి, చేత్తో తాకొద్దు. గంటన్నర.

సాయంత్రానికి హుస్సేన్‌సాగర్. మధ్యాహ్నం మూసి ఉండే బిర్లా మందిర్‌కి నాలుగు దాటాక వెళ్లండి, మెట్రోలో అసెంబ్లీ స్టేషన్ దగ్గర. ఫోన్లు, కెమెరాలు కింద ఇచ్చి వెళ్లాలి కాబట్టి మీవాళ్లు తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే చెప్పుకోండి. అక్కణ్నుంచి లుంబినీ పార్కుకి వచ్చి బోటెక్కితే చెరువు నడుమ ఉన్న బుద్ధుడి విగ్రహం దగ్గరికి. 18 మీటర్ల ఏకశిల. 1990లో తరలిస్తుండగా పడవ ఒరిగి విగ్రహం నీటిలో మునిగింది, మనుషులు చనిపోయారు. 1992 డిసెంబరులో పైకి తీసి నిలబెట్టారు. గాలివాన ఉంటే బోట్లు ఆపేస్తారు, అందుకే దీన్ని చివరికి మిగల్చకుండా చీకటి పడకముందే వెళ్లి రండి.

మూడో రోజు దొరికితే రామోజీ ఫిల్మ్ సిటీకి రోజంతా ఇవ్వండి. ఎల్బీనగర్ దాకా మెట్రో, అక్కణ్నుంచి విజయవాడ దారిలో బస్సు. ఉదయం తెరిచే వేళకి అక్కడుండాలి. తిరుగుదారిలో సాయంత్రం హయత్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డు నిండిపోతుంది. ఆ రోజు రాత్రి రైలో విమానమో పెట్టుకోవాల్సి వస్తే ఆ వేళకి నాలుగు గంటలు ముందుగానే ఫిల్మ్ సిటీ నుంచి బయటపడండి, శంషాబాద్ వెళ్లేవాళ్లు ఊళ్లోకి రాకుండా ఔటర్ రింగ్‌రోడ్డు పట్టుకోండి.